కోరంగి నామచరిత్ర

ఊరి చరిత్ర ఒకటి, ఊరి పేరు యొక్క చరిత్ర మరియొకటి. ఊరు నేలను అంటిపెట్టుకొని యుండును. నది తెచ్చిన మట్టితో పెరిగి, ఆ మట్టితోనే పూడిపోవును. పేరు అట్లు కాదు. అది మనుష్యుల నోట బయలుదేరి, ఊరు ఎన్నడును చూడని దేశములకు పోయి, అచ్చట తనదియగు వేరొక బ్రతుకు బ్రతుకును. ఛత్తీస్‌గఢములో భిలాయి ఉక్కు కర్మాగారమునకై 1955లో భారత సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక జరిగిన పిమ్మట, ఆ ప్రాంతపు పల్లెల నడుమ ఒక మహానగరము లేచినది. మరోదా అను పల్లె పేరు ఇప్పుడు ఒక వసతి విభాగమునకును, కర్మాగారమునకు నీరిచ్చు జలాశయమునకును, ఒక రైల్వే స్టేషనునకును పేరైనది. ఉత్తరాంధ్రమునుండి పనికై వచ్చి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు మరోదా యనగా ముందుగా తోచునది పల్లె కాదు, చెరువు. పేరు ఊరిని విడిచి నడచుట ఈ విధముగా ఆరంభమగును. ఈ నడక ఎంతదూరము పోగలదో, పోయి ఏమి కాగలదో తెలిసికొనుటకు గోదావరి ముఖమున నున్న కోరంగిని మించిన ఉదాహరణము తెలుగుదేశమున లేదు.

కాకినాడకు దక్షిణముగా యానాము పోవు త్రోవలో, తాళ్ళరేవునకు సమీపమున, గౌతమీ గోదావరినుండి చీలి ఉత్తరముగా ప్రవహించు ఒక పాయ యొడ్డున కోరంగి యున్నది. బాటసారి కంటికి అది నేడు సామాన్యమైన పల్లె: కొబ్బరిచెట్లు, కాలువ, చేపల వలలు, దూరమున మడచెట్ల నల్లని గీత. ఇంతకుమించి కనబడదు. కాని గోదావరి మండలమున సప్తసాగరయాత్ర యను ప్రాచీనాచారము కలదు. గోదావరి ఏడుగురు ఋషుల పేర ఏడు పాయలై సముద్రమును చేరుననియు, ఆ ఏడు సంగమములయందు స్నానము చేయుట పుణ్యమనియు జనుల విశ్వాసము. తుల్యభాగా సంగమమని చొల్లంగికిని, ఆత్రేయ సంగమమని కోరంగికిని ఆ యాత్రలో స్థానము కలదు. పుష్యబహుళ అమావాస్యను ఇప్పటికిని చొల్లంగి అమావాస్య యనియే తూర్పు తీరమువారు వ్యవహరింతురు. ఈ విధముగా ఓడలకు రేవు కాకమునుపే కోరంగి యాత్రికులకు రేవైనది.

పేరు యొక్క పుట్టుకను గూర్చి మూడు మాటలు చెప్పవలసి యున్నది. మొదటిది పురాణము. సంస్కృతమున కురంగ మనగా లేడి. మాయలేడియై వచ్చిన మారీచుని రాముడు వధించిన కథతో ఈ స్థలమును ముడిపెట్టి, కురంగమునుండి కోరంగి వచ్చినదని స్థానికులు చెప్పుదురు. మన దేశమున ఇట్టి కథ లేని యేరు లేదు, గుట్ట లేదు. రాముడు దాహము తీర్చుకొనని చెలమ యైనను తెలుగు సీమలో అరుదు. అందుచేత ఈ వ్యుత్పత్తిని చరిత్రగా గైకొన నక్కరలేదు, పరిహసింపను అక్కరలేదు. అర్థము మరుగుపడిన పేరునకు అర్థము కల్పించుకొనుట మనుష్యుని సహజ ధర్మము. కథ కల్పింపబడిన దనగా, ఆ కథ పుట్టునాటికే పేరు మిక్కిలి పాతబడి, దాని అసలు అర్థము ఎవ్వరికిని తెలియకుండ పోయినదని మాత్రము మనము గ్రహింపవచ్చును.

రెండవది పండితుల మాట. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను పండితుడు ప్లినీ తన ప్రకృతిచరిత్రలో గంగాముఖమునకు దక్షిణముగా కలింగోన్ అను సముద్రాగ్రమును పేర్కొనెను. 1871లో అలెగ్జాండరు కన్నింగుహాము తన ప్రాచీన భారత భూగోళ గ్రంథమున ఆ అగ్రము కోరంగి యొద్దిదే యని నిర్ణయించెను. 1886లో యూలు, బర్నెలు పండితులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ అను ఆంగ్లో-ఇండియను పదకోశమునందును కోరంగి యనునది కలింగ శబ్దము యొక్క మార్పే కావచ్చునని వ్రాయబడినది. ఈ వాదము ఆకర్షణీయమైనది. లకార రకారములు ఒకదానికొకటి మారుట భాషాచరిత్రలో వింత కాదు. కలింగదేశపు నావికులు పూర్వసముద్రమున సంచరించిన విషయము సుప్రసిద్ధము. గోదావరి తీరము పలుమార్లు కలింగ రాజ్యములో అంతర్భాగమైనది. ఇన్ని యుక్తులు ఒకచోట చేరినప్పుడు ఎవరికైనను ఒప్పుకొనవలెననియే తోచును.

ఐనను మూడవ మాట యొకటి కలదు. అది గ్రంథములలో గాక నేలమీదనే వ్రాయబడియున్నది. కోరంగికి పొరుగూరు చొల్లంగి. పశ్చిమముగా పోయినచో తణుకు ప్రాంతమున పాలంగి కలదు. అంగి యను చివరిభాగము గల ఊళ్ళపేర్లు గోదావరి సీమయందే ఒకటికి మించి కనబడుచుండగా, వానిలో ఒక్కదానిని మాత్రము విడదీసి, అది లేడినుండి వచ్చిన దనుటయు, కలింగమునుండి వచ్చిన దనుటయు సమంజసముగా తోచదు. పొరుగూరి పేరును వివరింపజాలని వ్యుత్పత్తి తన ఊరి పేరును గూడ సరిగా వివరించినట్లు కాదు. చొల్లంగిలోని అంగి ఏదో, కోరంగిలోని అంగియు అదియే యని భావించుట న్యాయము. అట్లైనచో ఈ పేరు పురాణమునకు గాని సామ్రాజ్యమునకు గాని చెందినది కాదు, ఏటి యొడ్డున కాపురముండిన సామాన్య జనుల నోట పుట్టినది. ఈ యూహను తిరుగులేని సిద్ధాంతముగా చెప్పరాదు గాని, మూడింటిలో ఎక్కువ బలము దీనికే కలదు.

ఏటి ముఖములయందు వెలసిన ఊళ్ళకు ఏటిని బట్టియే పేర్లు వచ్చుట లోకమంతట కనబడును. బోర్నియో ద్వీపమున నదీముఖమునకుగాని, ఉపనది పెద్దనదిలో కలియు తావునకుగాని మువారా అందురు. మహకం నది యొడ్డున నున్న మువారా కమన్ అను చిన్న ఊరు అట్టి పేరు గలదే. ఆ ప్రాంతముననే క్రీస్తుశకము 400 ప్రాంతపు మూలవర్మ మహారాజు యూపశాసనములు లభించినవి. అవి యేడు. నాలుగు 1879లో బయల్పడగా, తక్కిన మూడు 1940లో దొరకినవి. భాష సంస్కృతము, లిపి దక్షిణభారతపుది. రాజు తండ్రి అశ్వవర్మ, తాత కుందుంగుడు. తాత పేరు దేశీయము, తండ్రి పేరును మనుమని పేరును సంస్కృతములు. మూడు తరములలో రాజుల పేర్లు మారినవి గాని ఊరి పేరు దేశభాషలోనే నిలిచినది. రాజులు తెచ్చి పెట్టుకొను పేర్లకంటె పడవవాండ్రు పిలుచుకొను పేర్లు దీర్ఘాయువులని ఇందువలన తెలియుచున్నది. సముద్రమునకు ఈవల కోరంగి కథయు ఇట్టిదే.

పదునెనిమిదవ శతాబ్దమున ఈ చిన్న యేటి పరిసరములు ఐరోపా వర్తకులకు పోటీస్థలమైనవి. ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీవారు 1708లో దగ్గరనున్న ఇంజరమున వర్తకశాలను నెలకొల్పిరి. ఫ్రెంచివారు 1723లో యానామునకు వచ్చి, 1731లో అచ్చట స్థిరపడిరి. ఈ అందరికిని కావలసినది ద్రాక్షారామ, ఇంజర ప్రాంతముల సాలెవాండ్రు నేసిన నాణెమైన బట్ట. బట్టకు ఓడలు కావలెను, ఓడలకు రేవు కావలెను. తూర్పు తీరమంతయు అలలకు బయలై యుండగా, కోరంగి యేరు లోతుగల నీటితో, మూడు వైపుల రక్షణతో, కొట్టుకొనిపోయిన ఓడలకు ఆశ్రయ మిచ్చుచుండెను. అందుచేత అది కేవలము సరకు దిగు తావుగా మాత్రమే గాక, ఓడలు కట్టు తావుగను, చెడిన ఓడలు బాగుచేయు తావుగను ప్రసిద్ధి కెక్కెను. కలకత్తాకును తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలను ఒడ్డెక్కించి మరమ్మతు చేయదగిన తావు ఇది యొక్కటియే యని గోదావరి జిల్లా చరిత్రను వ్రాసిన ఆంగ్లోద్యోగి పేర్కొనెను. 1802 ప్రాంతమున ఇచ్చట మరమ్మతు రేవు నిర్మింపబడి, ఆంగ్ల నౌకాదళపు ఓడలుకూడ వచ్చుచుండెను. టేకుమ్రాను గోదావరి వరదలే క్రిందికి తెచ్చి ఇచ్చుచుండెను. వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టువారు, నారత్రాళ్ళు పేనువారు, సరంగులు, కళాసులు ఈ యేటి యొడ్డున తరతరములుగా జీవించిరి. వారి పేర్లు ఏ దస్తావేజులోను లేవు. వారి ఊరి పేరు మాత్రము వారి చేతులు కట్టిన ఓడలతో కూడ బయలుదేరెను.

సముద్రము ఇచ్చినదానిని సముద్రమే అడిగి తీసికొనెను. 1789 డిసెంబరులో భయంకరమైన గాలివానతో మూడు మహాతరంగములు వరుసగా కోరంగిమీద విరుచుకొని పడినవి. మొదటి తరంగము ఓడలను ఒడ్డునకు విసరెను. రెండవది ఊరిని ముంచెను. మూడవది మిగిలినదానిని తుడిచివేసెను. మృతులు ఇరువదివేలని అప్పటినుండి చెప్పుచున్నారు. ఏబదేండ్లకు, 1839 నవంబరు 25వ తేదీన, మరల అట్టి ఉపద్రవమే వచ్చెను. నలువది అడుగుల ఎత్తున సముద్రము లేచి రేవును ముంచివేసినదని ప్రసిద్ధి.

ఈ రెండవ ఉత్పాతమును గూర్చి ప్రపంచపు విపత్తుల పట్టికలన్నిటిలోను ఒక సంఖ్య అచ్చగుచున్నది: మూడు లక్షలమంది మృతి, ఇరువదివేల ఓడల నాశము. ఒక గ్రంథమునుండి ఒక గ్రంథమునకు ఈ సంఖ్య ఎట్టి విచారణయు లేకుండ ప్రాకుచున్నది. విచారించినచో నిలువదు. అప్పటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308. 1841లో, అనగా తుపాను గడచిన రెండేండ్లకు, 5,61,041. ఇరువదియేండ్లలో తగ్గినది సుమారు ఒక లక్షా డెబ్బదియేడువేలు. ఆ తగ్గుదలలో 1833 నాటి ఘోరమైన కరవును, వలసలును, వరుసగా వచ్చిన చెడు సంవత్సరములును కలిసియున్నవి. జిల్లా మొత్తము ఇరువదియేండ్లలో కోల్పోయినదానికంటె ఎక్కువమందిని ఒక రేవు ఒక్క రాత్రిలో కోల్పోవుట ఎట్లు పొసగును? ఇరువదివేల ఓడలు ఏకకాలమున నిలువదగిన రేవు నాటి లోకమున ఉండెనా? పెద్ద సంఖ్య దుఃఖమును పెద్దది చేయదు. నిజముగా మరణించిన వేలమంది జాలరులకు, కళాసులకు, వారి ఆలుబిడ్డలకు చరిత్రకారుడు చెల్లింపవలసిన మర్యాద, వారిని నమ్మశక్యముగాని అంకెలో ముంచివేయకుండుటయే.

ఆ తుపాను ఊరిని ముంచినను, లోకభాషలకు ఒక మాటను తెచ్చిపెట్టుటలో పాలుపంచుకొన్నది. కలకత్తాలో నౌకావిచారణ సభాధ్యక్షుడైయుండిన హెన్రీ పిడింగ్టను బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించి, 1839 మొదలు పెక్కు వ్యాసములను ఏషియాటికు సొసైటీ పత్రికలో ప్రకటించెను. కోరంగి తుపాను ఆయన పరిశోధించినవానిలో నొకటి. ఓడల దినచర్య పుస్తకములు తెప్పించి, ఏ గడియను గాలి ఏ దిక్కునుండి వీచినదో గుర్తించి, గాలివాన యనగా చుట్టలు చుట్టుకొను మహావాయుచక్రమని ఆయన నిశ్చయించెను. 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున, పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు శబ్దమును బట్టి దానికి సైక్లోన్ అని పేరుపెట్టెను. నేడు అన్ని ఖండములవారును వాడు ఆ మాట వెనుక బంగాళాఖాతమున మునిగిన ఓడలు, కోరంగి యేటిలో కొట్టుకొనిపోయిన యిండ్లు ఉన్నవని ఎంతమందికి తెలియును? తెలుగువారు మాత్రము ఆ మాటను స్వీకరింపలేదు. వారికి తుపాను, గాలివాన అను మాటలే చాలినవి.

ఐనను కోరంగిని చంపినది తుపాను కాదు. తుపానుల పిమ్మట జనులు తిరిగి వచ్చిరి, ఓడలు తిరిగి కట్టిరి. దానిని నెమ్మదిగా, చప్పుడు లేకుండ, తల్లియే బిడ్డను పడుకోబెట్టినట్లు గోదావరియే పూడ్చివేసినది. ఏటేట వరద తెచ్చు ఒండ్రు యేటిముఖమున మేటవేయుచుండగా లోతు తగ్గిపోయెను. సముద్రమున ఇసుకతిన్నె యొకటి పెరిగి పెరిగి సుమారు పదునారు కిలోమీటర్ల పొడవున హోప్ ఐలండ్ అను దీవియైనది. ఆ దీవి కాకినాడకు అడ్డుగోడయై అలలనుండి రక్షణ కల్పించెను. ఏ యిసుక కోరంగిని మూసెనో, ఆ యిసుకయే కాకినాడను తెరచినది. 1847 నుండి 1852 వరకు ఆర్థరు కాటను ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట కాలువలగుండ ధాన్యము కాకినాడకు సాగినది. 1861లో అమెరికా అంతర్యుద్ధ మారంభమై అచ్చటి ప్రత్తి ఆగిపోగా ఇచ్చటి ప్రత్తికి గిరాకి పెరిగి, ఆ వర్తకముకూడ కాకినాడనే చేరెను. కోరంగి పేరు ఒక కాలువకు మిగిలెను.

ఊరి గమనము ఇచ్చట ముగిసినను పేరు గమనము అప్పటికే చాలదూరము సాగినది. అది రెండు త్రోవల పోయెను. ఒకటి కాగితముల త్రోవ, రెండవది నోటి త్రోవ. ఆంగ్లేయులు తమ పటములలోను, ఓడల దస్తావేజులలోను కోరింగ అని వ్రాసికొనిరి. కోరింగ ప్యాకెట్ అను పేరుగల ఓడ యొకటి ఉండెను. అది 1845లో ఆస్ట్రేలియాకు తూర్పుననున్న పగడపు సముద్రమున చిన్న దీవియొద్ద పగిలిపోయెను. ఆ ఓడ పేరే ఆ చెంత దీవులకు వచ్చెను. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆ దీవులను కోరింగ-హెరాల్డ్ అను పేర ప్రకృతి రక్షితస్థలముగా ప్రకటించెను. మనుష్యులు లేని ఆ ఇసుకదిబ్బలమీద సముద్రపక్షులు గ్రుడ్లు పెట్టుచున్నవి, తాబేళ్ళు ఒడ్డెక్కుచున్నవి. గోదావరి యొడ్డున వాడుకలోనున్న పేరు, చివరి అక్షరము మారి, వేల మైళ్ళ దూరమున జనశూన్యమైన దీవికి అంటుకొని యున్నది.

రెండవ త్రోవ జనసమ్మర్దమైనది. బ్రిటిషువారు బర్మాను జయించి అడవులు కొట్టించి వరిపొలములు చేయింపగా, అచ్చట చేతులకు కరవు వచ్చెను. గంజాము మొదలు గోదావరివరకు గల తెలుగు జిల్లాల బీదజనులు మేస్త్రీలయొద్ద బయానా తీసికొని, కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులలో ఓడల మెట్టుమీద చోటు సంపాదించి బంగాళాఖాతము దాటిరి. వరికోతలు, బియ్యపు మిల్లులు, రేవులో బస్తాల మోత, రిక్షాలు, ఇవి వారి వృత్తులు. 1931 జనాభా లెక్కలలో రంగూను పట్టణపు నాలుగులక్షల జనులలో సగమునకు మించి, 2,12,929 మంది భారతీయులు. వారిలో కూలిజనమున తెలుగువారు ప్రముఖులు.

ఇచ్చట నామచరిత్రలో అపూర్వమైన ఇచ్చిపుచ్చుకొనుట జరిగినది. ఆ పట్టణమునకు 1755లో అలౌంగ్ఫయా రాజు కలహాంతమను అర్థము వచ్చునట్లు పేరు పెట్టెను. ఆంగ్లేయుల నోట అది రంగూన్ ఐనది, 1989 నుండి ప్రభుత్వవ్యవహారమున యాంగోన్ ఐనది. తెలుగు కూలి దానిని రంగము చేసికొనెను. రంగము పోయి వచ్చినవాడు, రంగము డబ్బు అను మాటలు కళింగాంధ్రపు పల్లెలలో నాటుకొనిపోయినవి. తెలుగువాడు బర్మా రాజధానికి ఒక తెలుగు పేరు ఇచ్చెను. బర్మా తెలుగువానికి ఒక పేరు ఇచ్చెను, ఆ పేరు కోరంగి. శ్రీకాకుళపువాడైనను, విశాఖవాడైనను, కోరంగిని కలలోనైన చూడనివాడైనను, బస్తా మోయు తెలుగువాడందరును కోరంగియే. రేవు పూడిపోయి అర్ధశతాబ్ది గడచినను, ఆ రేవు పేరు సముద్రమునకు ఆవల ఒక జాతికి పేరై నిలిచెను. గమనింపదగిన దేమనగా, బర్మాకు పోయిన రూపము చివర ఇకారముతో గూడిన కోరంగి, దొరలు వ్రాసికొన్న కోరింగ కాదు. కళాసులు, కూలీలు తమ ఊరు ఏదని అడిగినప్పుడు చెప్పిన మాటయే ఆ దేశమున నిలిచెను. దస్తావేజులు ఎరుగని ఆ జనుల పలుకుబడికి ఇంతకంటె స్థిరమైన దస్తావేజు లేదు.

కాని ఆ పేరు గౌరవముతో పిలిచిన పేరు కాదు. బరువు మోయువాని పేరు క్రమముగా బరువుకే పేరగును. బక్కచిక్కిన దేహము, చాలని కూలి, ఇరుకు బస, వీనినన్నిటిని కోరంగి యను ఒక్క మాటలో లోకము మూటకట్టెను. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. యజమానులు వారికి మారుగా బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. రాజీ కుదిరి పాతవారు పనిలో చేరగానే, వారిని నమ్ముకొని పనికి వచ్చిన బర్మీయులు మే 26వ తేదీని వట్టి చేతులతో మరలవలసి వచ్చెను. ఇరుపక్షములును బీదలే, ఇరుపక్షములును ఆకొన్నవారే. మాట మాట పెరిగి కొట్లాటయైనది. కొట్లాట పట్టణమంతట వ్యాపించి కొన్ని దినములు సాగెను. నూరుమందికి పైగా మరణించిరి, అనేక వందలమంది గాయపడిరి. హతులలో ఎక్కువమంది తెలుగు కూలీలు. కూలిలో మిగిలిన లాభము ఎవరికి చేరినదో వారి యొంటిమీద గాయము పడలేదు.

1937 ఏప్రిలు 1వ తేదీని బర్మా భారతదేశమునుండి విడదీయబడెను. 1941 డిసెంబరు 23వ తేదీని జపాను విమానములు రంగూనుమీద బాంబులు వేయగా, రేవులోని కూలీలు మొదటి గురియైరి. తరువాతి నెలలలో నాలుగైదు లక్షల భారతీయులు బర్మా విడిచిరి. ఓడ దొరకినవారు ఓడలమీదను, దొరకనివారు అరకాను కొండల త్రోవను, మణిపురపు త్రోవను కాలినడకను బయలుదేరిరి. త్రోవలో ఆకలికి, విషజ్వరములకు పడిపోయినవారెందరో లెక్క లేదు. 1962లో సైనిక ప్రభుత్వ మేర్పడిన పిమ్మట మరి మూడులక్షలమంది వరకు తిరిగి రావలసి వచ్చెను. విశాఖపట్నమున బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. అనగా, బర్మాలో ఊరి పేరుతో పిలువబడినవారు స్వదేశమునకు వచ్చి బర్మా పేరుతో పిలువబడిరి. వారు ఎక్కడ నున్నను వారిని పిలుచుటకు వారు లేని చోటి పేరే వాడుకలోనికి వచ్చెను.

ఇట్టి గతి కోరంగి మాటకు మాత్రమే పట్టినది కాదు. మలయా దేశమున కలింగ శబ్దము కెలింగ్ అయి, మొదట సముద్రవర్తకులకు గౌరవనామముగా నుండెను. మలక్కాలో తంజోంగ్ కెలింగ్ అను ఊరు, పినాంగులో కాపితాన్ కెలింగ్ అను మసీదు ఆ కాలపు గురుతులు. తోటకూలీలు వచ్చిన పిమ్మట అదే మాట తూలనాడు మాటగా మారెను. 2003లో అచ్చటి భారతీయ సంస్థలు ఆ పదమును నిఘంటువునుండి తొలగింపుమని న్యాయస్థానమునకు పోవునంతవరకు వచ్చెను. మారిషసు దీవికి చెరకుతోటల ఒప్పందముమీద పోయిన తెలుగువారినికూడ కోరంగివారని పిలిచిరి. మాటలో విషము లేదు. మాటను పలుకువాడు ఎదుటివానిని చూచు చూపులోనే విషమును అమృతమును ఉన్నవి. ఓడ కట్టినవానిని కోరంగివాడన్నప్పుడు అది బిరుదు, బస్తా మోసినవానిని కోరంగి యన్నప్పుడు అది తిట్టు. ఊరు ఒక్కటే, మనుష్యుడును ఒక్కడే.

కోరంగి రేవు ఇప్పుడు లేదు. ఒండ్రు మేటలమీద మడ, తెల్లమడ, పొన్న మొదలగు చెట్లు ఎదిగి దట్టమైన అడవియైనది. 1978లో ప్రభుత్వము దానిని కోరంగి వన్యప్రాణి రక్షితారణ్యముగా ప్రకటించెను. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నీటిపిల్లులు, బావురుపిల్లులు, వలసపక్షులు అచ్చట నివసించుచున్నవి. ఈ మడయడవి అలల వేగమును తన వేళ్ళతో పట్టి ఆపి, వెనుకనున్న పల్లెలకు కోటగోడవలె నిలుచుచున్నది. 1789లోను 1839లోను ఓడలు నిలిచిన నీటిమీద నేడు వృక్షములు నిలిచియున్నవి. రేవును మూసిన మట్టియే ఊరిని కాచు అడవిని పెంచినది. నది చేసిన నష్టమునకు నదియే ఈ విధముగా పరిహారము చెల్లించినది.

చరిత్రకారులు ఊళ్ళ పేర్లను సాధారణముగా వెనుకకు వెదకుదురు. ఏ రాజు పెట్టెను, ఏ శాసనమున నున్నది, ఏ శబ్దమునుండి పుట్టెను అని ప్రశ్నింతురు. ఆ విచారణ అవసరమే. కాని కోరంగి విషయమున అంతకంటె గొప్ప ప్రశ్న ముందువైపున నున్నది: పేరు ఎవరి వెంట పోయెను, పోయినవారిని ఏమి చేసెను? కురంగమునుండి పుట్టినను, కలింగమునుండి పుట్టినను, కేవలము ఏటిగట్టువారి నోటినుండి పుట్టినను, దానికి నిజమైన అర్థము నిచ్చినది దానిని మోసికొనిపోయిన జనులు. ఓడలు కట్టి, ఓడలెక్కి, పరదేశమున బరువులు మోసి, కొందరు తిరిగివచ్చి, పెక్కుమంది రాకపోయినవారి పొడిమాట అది. గోదావరి యొడ్డుననున్న ఆ పల్లెలో బస్సు ఆగినప్పుడు కండక్టరు కోరంగి యని కేకవేయును. ఇద్దరు ముగ్గురు దిగిపోవుదురు. ఆ కేకలో తిట్టు లేదు, బిరుదును లేదు. మూడు సముద్రములు తిరిగివచ్చిన మాట, మరల ఒక ఊరి పేరు మాత్రమై, తన యొడ్డున తాను నిలిచియున్నది.